కోటిలింగం బల్ల మీది అద్దం

2009 ఆగస్టు 17, సోమవారం. ఉదయం ఆరుంబావుకు కోటిలింగం ముఖంలో కుడి సగం కదలలేదు. మొదట చూసింది నేను.

నేను ఒక అద్దాన్ని. పొడవు ఎనిమిది అంగుళాలు, వెడల్పు ఆరు. 1983లో విజయవాడ గవర్నరుపేటలోని ఒక కొట్టులో, బీరువా తలుపుకు బిగించాల్సిన అద్దం చెయ్యి జారి మూల విరిగింది. కొట్టతను విరిగినంత మేర పారేసి, మిగిలినదాన్ని ముక్కలుగా కోశాడు. అందులో ఒక ముక్క నేను.

నన్ను కొన్నప్పుడు కోటిలింగానికి పాతికేళ్లు. పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు వేసేవాడు. నన్ను ఇంటికి తెచ్చిన రోజే అతని తల్లి గుమ్మంలో అడ్డుపడింది.

“పగిలిన అద్దం ఇంట్లో పెట్టుకుంటార్రా ఎవరన్నా?”

“ఇది పగిలింది కాదమ్మా, కోసింది.”

“పగిలితేనేగా కోసేది!”

ఆమె చెప్పింది నిజం. అయినా నేను బల్ల మీద చేరాను.

కోటిలింగం పనిచేసే పద్ధతి ఇది. రాక్షసుణ్ణి గీయాలంటే ముందు నా ఎదుట పళ్లు కొరికేవాడు. ముసలమ్మను గీయాలంటే బుగ్గలు లోపలికి పీల్చేవాడు. తన ముఖంలో పుట్టించి నాలో చూస్తే తప్ప పెన్సిలు కదిలేది కాదు. పద్దెనిమిదేళ్ల పాటు ఆ పత్రికలో రాజులకు, దొంగలకు, చివరికి ముంగిసకు కూడా కోటిలింగం కనుబొమలే ఉన్నాయి. పాఠకులెవరైనా కనిపెట్టినట్టు నాకు సమాచారం లేదు.

1986లో నాంచారమ్మ కాపురానికి వచ్చింది. వారం తిరక్కుండానే తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది.

“మా నాన్న మీకు పనుందన్నాడు గానీ, ఇట్టా పళ్లికిలించే పనని చెప్పలేదండీ.”

2001లో పత్రిక మూతపడింది. కోటిలింగం హైదరాబాదులో యానిమేషన్ స్టూడియోకు స్టోరీబోర్డులు గీసే పనికి కుదిరాడు. యూసుఫ్‌గూడలో ఇల్లు తీసుకున్నారు. స్టోరీబోర్డు అంటే, బొమ్మ కదలడానికి ముందు కథంతా గళ్లలో గీసి చూపించడం. కామిక్స్‌లో అతను గీసిన గడి పాఠకుడి చేతికి చేరేది. స్టోరీబోర్డు గడిని చూసి నలభై మంది పనిచేస్తారు, తర్వాత అది అట్టపెట్టెలోకి పోతుంది. అయినా కోటిలింగం మునుపటిలాగే నా ఎదుట కూర్చుని పళ్లు కొరికాడు.

ఆ సోమవారం డాక్టరు ముఖ నరం వాచిందన్నాడు. చాలామందికి నెలల్లో తగ్గుతుందన్నాడు. ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేనన్నాడు. స్టూడియోకు బోర్డు ఇవ్వాల్సింది శుక్రవారం. అందులో ఒక సన్నివేశం పన్నెండు గళ్లు. పడవ మునిగి చనిపోయాడనుకున్న కొడుకు గుమ్మంలో నిలబడతాడు. తల్లి ముఖం ఏడుపులోంచి నవ్వులోకి రావాలి.

కోటిలింగం ఒక ఉపాయం చేశాడు. కదిలే ఎడమ సగాన్ని నాలో చూసి గీశాడు. ట్రేసింగ్ కాగితం తిప్పి, అదే సగాన్ని కుడివైపుకు దించాడు. పన్నెండు గళ్లూ అలాగే వేశాడు. బుధవారం తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ నెల స్వైన్ ఫ్లూ భయంతో ఊళ్లో చాలామంది మాస్కు కట్టుకున్నారు. అతనూ కట్టుకున్నాడు. స్టూడియోలో ఎవరూ ఏమీ అడగలేదట.

గురువారం ఉదయం తస్నీమ్ ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చింది. స్టూడియోలో బోర్డులు సరిచూసేది ఆమే.

“సార్, గీత మంచిగుంది. కానీ ఈమె నవ్వుతలేదు. నవ్వుమంటే నవ్వినట్టుంది.”

కోటిలింగం కాగితాలు అందుకుని బల్ల మీద పరిచాడు.

“ఇంట్ల గూడ మాస్కేంది సార్?”

అతను మాస్కు తీశాడు. తస్నీమ్ చూపు కాగితాల వైపు తిప్పుకుంది.

“రేపు సాయంత్రం దాక ఆపుతా సార్. ఆ తర్వాత నా చేతిల లేదు. ఈ సీను వేరేటోళ్లకు ఇస్తరు. మిగిలిన పది ఎపిసోడ్లు గూడ వాళ్లకే పోతయ్.”

ఇరవై ఆరేళ్లుగా నేను ముఖాలు చూస్తున్నాను. రెండు వైపులా ఒకేలా నవ్విన మనిషి ఇంతవరకు నా ముందుకు రాలేదు. కోటిలింగానికి ఇది తెలియక కాదు. అతని దగ్గర ఉన్నది ఆ సగమే.

తస్నీమ్ వెళ్లాక అతను వంటగదిలోంచి కుర్చీ తెచ్చి బల్ల ముందు వేశాడు. నాంచారమ్మను పిలిచాడు. ఇద్దరూ కనబడేలా నన్ను వెనక్కి జరిపాడు.

“నవ్వు.”

“ఎందుకండీ?”

“పోయాడనుకున్న కొడుకొచ్చాడు.”

“మనకి ఉంది కూతురేగా.”

“కొడుకనుకోవే.”

“అనుకుంటే నవ్వొస్తుందా ఏంటి?”

ఆమె పెదవులు సాగదీసింది. అది నవ్వు కాదు. ఇట్లా కాదంటూ అతను చేసి చూపించబోయాడు. ఎడమ కనుబొమ లేచింది. నోరు ఎడమకు తెరుచుకుంది. కుడి చెంప కదలలేదు, మూతపడని కుడి కంటిలోంచి నీళ్లు కారాయి. నాంచారమ్మ నాలోనే అతన్ని చూసింది. ముందు ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు పూర్తి కాకముందే కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని మళ్లీ నవ్వింది.

“ఊరుకోండి, మీ మొహం...”

“కదలమాక.” అతను పెన్సిలు అందుకున్నాడు.

పదకొండుంబావు నుంచి రెండింటి దాకా గీశాడు. మధ్యలో ఆమె ఒక్కసారే మాట్లాడింది.

“పప్పు మాడుతోందండీ.”

“మాడనీ.”

శుక్రవారం నాలుగింటికి కాగితాలు స్టూడియోకు చేరాయి. అయిదున్నరకు తస్నీమ్ ఫోను చేసింది. అవతలి మాట నాకు వినపడలేదు. కోటిలింగం “సరేనమ్మా” అన్నాడు. ఫోను పెట్టేసి, తర్వాతి ఎపిసోడు కాగితాలకు అంకెలు వేయడం మొదలుపెట్టాడు.

నవంబరులో కుడి చెంప కదిలింది. డిసెంబరు నాటికి కుడి కన్ను మళ్లీ పూర్తిగా మూయగలిగాడు. మిగిలిన పది ఎపిసోడ్లూ మార్చిలో అయిపోయాయి. రెండో కుర్చీ తిరిగి వంటగదిలోకి వెళ్లలేదు.