పడవ వంతు నీళ్ళు

గురుస్వామి పడవ అడుగున బోర్లా పడుకుని, మొద్దుబారిన ఉలితో నూలు పోగులను చెక్కల సందుల్లోకి దూరుస్తున్నాడు. ఒకచోట దూర్చి సుత్తితో మెల్లగా తట్టేసరికి జానెడు అవతల ఇంకో సందు చెమర్చేది. చెమ్మ కాసేపటికి బొట్టయ్యేది, బొట్టు ధారయ్యేది. తెల్లవారకముందే బక్కెట్టుతో తోడి నీళ్ళన్నీ బయట పోశాడు. అప్పుడే మళ్ళీ మోచేతులు మునిగాయి. లుంగీ తడిసి తొడలకు అంటుకుపోయింది. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి గుంట మగ్గంలో కూర్చున్నందుకు వీపు వంగి అలాగే ఉండిపోయింది. పోగు పట్టి పట్టి ఎడమచేతి చూపుడువేలి మీద గీత పడింది. ఆ వేలితోనే సందు ఎంత లోతుందో తడిమి చూసుకుంటున్నాడు.

హరినాథ్ సారు ఈ రోజే వస్తున్నాడు. ఈ ఆదివారం ఆయన వంతు.

పడవకు పైన రేకుల కప్పు, రెండు వైపులా అద్దాల కిటికీలు, లోపల మెత్తటి సీట్లు, వెనకపక్క డీజిల్ ఇంజను ఉన్నాయి. హరినాథ్‌తో కలిపి కర్నూలులో ఉండే నాలుగు కుటుంబాల వాళ్ళు గోదావరి వైపు నుంచి పాతదాన్ని కొని, లారీ మీద తెప్పించి, నందికొట్కూరు దాటాక కృష్ణ నీళ్ళు నిలిచేచోట కట్టేయించారు. కాలవ నీళ్ళకు రైతులు వంతులు పెట్టుకున్నట్టు వీళ్ళు ఆదివారాలకు వంతులు పెట్టుకున్నారు. వంతులు షికారుకే, మరమ్మతుకు లేవు. గ్రీజు కావాలంటే ఒకాయన రంగు వేయించినాయన్ని అడగమంటాడు, ఆయన డీజిల్ కొట్టించినాయన్ని అడగమంటాడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. పడవకు పేరు పెట్టడం కూడా అట్లాగే ఆగిపోయింది. నలుగురూ తమ తమ కూతుళ్ళ పేర్లు చెప్పారు. ఎవరూ తగ్గలేదు. పేరు రాయడానికని ముందువైపు తెల్లరంగు పూసి వదిలిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఈ గొర్రె చావకుండా ఇన్నేళ్ళు బతికిందంటే అది గురుస్వామి చలవే. గ్రీజు అయిపోతే అతను ఎవరినీ అడగడు. తన చేతి డబ్బుతోనే కొనుక్కొస్తాడు. అడగడం అతనికి చేతకాదు.

చిన్నప్పుడు వాళ్ళమ్మ బిందె ఇచ్చి పక్కవీధి బావికి పంపితే, తోడుకోమని బావివాళ్ళే అంటారేమోనని నిలబడి నిలబడి ఖాళీ బిందెతో ఇంటికొచ్చాడు. తన పెళ్ళి భోజనంలోనే రెండోసారి అన్నం పెట్టమని అడగలేక ఆకు మడిచాడని భార్య బసమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఎమ్మిగనూరులో ఉన్నప్పుడు ఒకరోజు పనికి వెళ్తే అతని మగ్గంలో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. షావుకారు తలెత్తలేదు. ఎందుకని గురుస్వామి అడగలేదు. గూట్లో ఉన్న, పోగు నడిపే తన నాడెను కూడా తీసుకోకుండా వచ్చేశాడు. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాం కర్నూలు బస్సెక్కారు. హరినాథ్ గోదాము దగ్గర కాపలా పని దొరికింది. పడవ వచ్చాక గోదాము నుంచి ఇక్కడికి మారాడు.

పడవతోపాటు గోదావరి నుంచి వచ్చిన మెకానిక్కు కొన్నాళ్ళుండి పని నేర్పిపోయాడు. వెళ్ళేముందు ఒక మాట గట్టిగా చెప్పాడు. ఇంజను చెడిపోతే బాగుచేసుకోవచ్చుగానీ చెక్కను మాత్రం ఎండనీయకూడదు. తడిమీద ఉన్నంతకాలం చెక్క ఉబ్బి సందులు మూసుకుని ఉంటాయి. ఎండిందంటే ముడుచుకుపోయి ప్రతి సందూ నోరు తెరుస్తుంది. తడారితే పోగు తెగుతుందని తెలిసిన నూలు పనివాడికి ఈ మాట రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

అయితే గోదావరిలో ఎండాకాలమైనా పడవ కింద నీళ్ళుంటాయి. ఇక్కడ శివరాత్రి దాటితే నీళ్ళు వెనక్కి నడుస్తాయి. ఉగాదికల్లా పడవ నెర్రెలిచ్చిన నేల మీద, మొద్దుల ఆసరాతో నిలబడి ఉంటుంది. అందుకని హరినాథ్ తన తోటలో బోరు నుంచి వారానికి రెండుసార్లు ట్రాక్టరు ట్యాంకరు పంపే ఏర్పాటు చేశాడు. పడవ పక్కనే సిమెంటు తొట్టి కట్టించాడు. పడవ మీద గోనెసంచులు కప్పి, పొద్దునా సాయంత్రం తడపడం గురుస్వామి పని. నిరుటిదాకా తడుపుతూనే వచ్చాడు.

ఈ ఏడు రేవు పక్కన పల్లెలో బోరు ఎండిపోయింది.

మొదటిరోజు అతను కడవతో తోడి గోనెల మీద పోస్తుంటే పల్లె ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని దూరంగా నిలబడి చూశారు. తిట్టినా బాగుండేది. చెక్కకు నీళ్ళు తాగించే మనిషిని వాళ్ళు వింతగా చూస్తుంటే గురుస్వామికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండోరోజు గిడ్డమ్మ అనే ముసలామె మెల్లగా వచ్చి, పడవ పొట్ట కింద, గోనెల నుంచి నీళ్ళు కారేచోట తన సత్తుగిన్నె పెట్టింది. రంగూ తుప్పూ కలిసిన ఎర్రటి నీళ్ళు ఒక్కో చుక్కే గిన్నెలో పడుతున్నాయి. ఆమె చీరకొంగు మడిచి వడకట్టడానికి సిద్ధం చేసుకుంటోంది.

గురుస్వామి ఆ గిన్నె పారబోసి, తొట్టిలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఇవి ఎవరి నీళ్ళని ఆమె అడిగింది. పడవ నీళ్ళని చెప్తే ఆమె తీసుకోదేమోనని భయమేసింది. సార్లు మీకోసమే పంపించినారని అన్నాడు. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ అతనికి నమ్మబుద్ధి కాదు.

మర్నాటికి తొట్టి చుట్టూ బిందెల వరస. మొదట సగం పడవకు ఉంచాలనుకున్నాడు. సగం పావయింది. తర్వాత తొట్టి అడుగున మిగిలినవి కూడా పసిపిల్ల తల్లి ఎవరో వచ్చి పట్టుకుపోయేది. గోనెలు ఎండి అప్పడాల్లా బిర్రబిగిశాయి. హరినాథ్‌కు ఫోను చేద్దామని చాలాసార్లు పేరు దాకా వెళ్ళి, నొక్కకుండా జేబులో పెట్టుకున్నాడు. పెద్దమనిషి సొమ్ము చెప్పకుండా పంచిపెట్టినవాణ్ణి దొంగ అనకపోతే ఏమంటారు?

పైనుంచి వరద వచ్చి నీళ్ళు పడవ కిందికి చేరి నాలుగు రోజులయింది. ఇంకొక పదిహేను రోజులు ఎవరూ రాకపోతే చెక్క దానంతటదే ఉబ్బి, ఎవరికీ ఏమీ తెలియకుండా పోయేది. నిన్న సాయంత్రం ఫోను వచ్చింది. కూతురు ప్రణీతనూ మనవణ్ణీ తీసుకొస్తున్నానని, బోటు సిద్ధంగా పెట్టమని హరినాథ్ చెప్పాడు. గురుస్వామి సరేనన్నాడు.

బసమ్మ జొన్నరొట్టె, ఉల్లికారం తెచ్చి గట్టు మీద పెట్టింది. పడవలోకి తొంగిచూసి, లోపల నీళ్ళు చూసింది.

“పసిబిడ్డ గూడా వస్తాండాడంట. చెప్పు ఆయప్పకు.”

“పోగులు పెట్టినా గదా. ఉబ్బుతాదిలే.”

“చెక్క ఉబ్బుతాదో లేదో గానీ, నీ నోరు మాత్రం ఈ జన్మకు తెరుసుకోదు.”

అతను రొట్టె తుంచి చేతిలోనే ఉంచుకున్నాడు. తినకుండానే మళ్ళీ దిగి, కారు వచ్చేలోగా నీళ్ళన్నీ తోడేశాడు.

ఎండ ఎక్కాక కారు వచ్చింది. తెల్లచొక్కా వేసుకున్న హరినాథ్ దిగాడు. ఆయన కూతురు ప్రణీత, ఆమె చెయ్యి పట్టుకుని నాలుగేళ్ళ పిల్లాడు వెనకే దిగారు. పిల్లాడు పడవను చూసి గెంతడం మొదలుపెట్టాడు. గురుస్వామి ఎదురెళ్ళి, ఇంజను సరిగా అందుకోవడం లేదని, ఇవాళ్టికి కష్టమని నసిగాడు. హరినాథ్ నేనే చూస్తానంటూ పడవెక్కి మీట నొక్కాడు. గురుస్వామి వారం వారం నూనె తుడిచి సాకిన ఇంజను. ఒక్క పెట్టుకే అందుకుని హాయిగా కొట్టుకుంది. దాన్ని అంత బాగా చూసుకున్నందుకు అతను మొదటిసారి బాధపడ్డాడు.

ప్రణీత పిల్లాణ్ణి ఎత్తుకుని, ఒడ్డు నుంచి పడవకు వేసిన పలక మీద అడుగుపెట్టబోయింది. సరిగ్గా అప్పుడే పల్లెవైపు నుంచి గిడ్డమ్మ, ఆమె వెనక పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. గిడ్డమ్మ ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో చామంతి దండ, నిమ్మపండు ఉన్నాయి. ప్రణీత వాళ్ళను చూసి పలక దగ్గరే ఆగింది. హరినాథ్ ఇంజను ఆపి దిగివచ్చాడు. గిడ్డమ్మ ఆయన మెడలో దండ వేసి, రెండు చేతులతో నిమ్మపండు అందించింది.

“ఎండాకాలమంతా మీ నీళ్ళే తాగి బతికినామప్పా. ట్యాంకరు రాకపోయింటే యాడికి పోయేటోళ్ళమో. నీ కడుపు సల్లగుండ. నీ మనవనికి శానా ఆయుసు ఉండల్ల.”

హరినాథ్ అర్థంకానట్టు నవ్వాడు. ట్యాంకరు అనే మాట దగ్గర నవ్వు ఆగింది. తొట్టి వైపు చూశాడు. ఒడ్డున కుప్పగా పడి ఉన్న ఎండు గోనెలను చూశాడు. చివరికి గురుస్వామిని చూశాడు. గురుస్వామి నేలను చూస్తున్నాడు. భూమి చీలి తనను తీసుకుంటే బాగుండునని ఆ క్షణంలో అతను నిజంగానే అనుకున్నాడు.

హరినాథ్ దగ్గరికి వచ్చి, ఆడవాళ్ళకు వినబడకుండా అడిగాడు. “అయితే బోటుకు పోయలేదా?”

“పోయలేదు సార్.”

“ఇప్పుడు ఎక్కితే?”

గురుస్వామి తలెత్తాడు. పలక దగ్గర ప్రణీత, ఆమె భుజం మీద పిల్లాడు.

“ఎక్కాకండి సార్. నడి నీళ్ళలోకి పోతే మునుగుతాది.”

హరినాథ్ గబగబా వెళ్ళి మనవణ్ణి తన చేతుల్లోకి తీసుకున్నాడు. బోటు ఇవాళ బాగాలేదమ్మా అని మాత్రం కూతురికి చెప్పాడు. ఆయన మెడలో చామంతి దండ అట్లాగే ఉంది. తనది కాని పుణ్యానికి వేసిన దండ తీయలేక, ఉంచుకోలేక కాసేపు దాని కొస పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గిడ్డమ్మకు దండం పెట్టి, వచ్చే ఏడు కూడా పంపిస్తామన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

కారెక్కబోతూ ఆయన మళ్ళీ గురుస్వామి దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు.

“ఒక్క ఫోను చేసింటే ఇంకో ట్యాంకరు పంపేవాణ్ణి గదప్పా. తాగే నీళ్ళకా నేను లేదనేది?”

నిమ్మపండు గురుస్వామి చేతిలో పెట్టి, ఇది నీకు రావాల్సిందని చెప్పి వెళ్ళిపోయాడు. అది ఎగతాళి అయి ఉంటే బాగుండేది. కాదు. గురుస్వామి కారు పోయిన దుమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు. దొంగ అంటే ఒప్పుకునేవాడు. పని మానిపొమ్మంటే తలవంచుకుని పోయేవాడు. ఒక్క మాటతో పోయేదానికి ఆ మనిషి దగ్గర నోరు విప్పలేదు. ఆయన్ని మనసులోనే రాయిని చేసి, ఆ రాయికి భయపడి, ఒక పసివాణ్ణి పలకదాకా రానిచ్చాడు. ఆ సంగతి తలుచుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నమంతా పని చేశాడు. మిగిలిన నూలంతా సందుల్లో పెట్టాడు. పడవను ఒడ్డుకు దగ్గరగా, అడుగు నేలకు ఆనేచోటికి లాగి నాలుగు వైపులా కట్టాడు. ఇంజను దిమ్మకు అందకుండా అడుగు చెక్కల మీద నీళ్ళు నిలవనిచ్చాడు. గోనెలు ముంచి పైన పరిచాడు. ఇంక లోపలా బయటా నీళ్ళే. పదిహేను రోజుల్లో చెక్క తన దాహం తాను తీర్చుకుంటుంది.

పొద్దు వాలుతుండగా గుడిసెలోకి వెళ్ళి సంచిలో రెండు లుంగీలు సర్దుకున్నాడు. బసమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“సారు పొమ్మన్యాడా?”

“అనలే.”

“మల్ల?”

“అనలేదనే.”

ఎమ్మిగనూరులో ఆ సాయంత్రం కూడా ఇట్లాగే సంచి సర్దాడు. ఆమె రొట్టెల పెనం గుడ్డలో చుట్టుకుంది. దారిలో గిడ్డమ్మ కనబడి ఎక్కడికని అడిగితే, బంధువుల ఊరికని బసమ్మే చెప్పింది. నందికొట్కూరు బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. గురుస్వామి కిటికీవైపు కూర్చోలేదు.

రేవులో పడవ కదలకుండా ఉంది. పేరు రాయని తెల్లటి చోటుకు పైన, ముందుపలక మీద, నూలు పోగుతో కట్టిన ఇంజను తాళంచెవి ఉంది. దాని పక్కనే, ఎవరూ తీసుకోని నిమ్మపండు.