బస్సు తిరగని మలుపు

డోలీలో సోములమ్మ పెద్దమ్మ కోడలు పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతోంది. ఎదురుగా రాళ్ల టిప్పరు వచ్చి హారన్ మోగించింది. మోసేవాళ్లు రోడ్డు దిగి ముళ్లపొదల్లో నిలబడ్డారు. ఒకటి కాదు, వరసగా ఆరు టిప్పర్లు. అవన్నీ పోయేదాకా ఎండలో ఆగాం. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ పోయింది. ఎవరో చెప్పింది కాదిది, సెలవులకు ఊరొచ్చి డోలీ వెనకే నడిచిన నేను కళ్లారా చూసింది.

ఆ రాళ్లు ఎక్కడికి పోతాయో కూడా నాకు తెలుసు. నేను విశాఖలో నర్సింగు చదువుతున్నాను. అక్కడ రోడ్డు మధ్యన బస్సులకే వేరే దారి ఉంది, అందులోకి ఇంకో బండి దూరకూడదు. ఆ దారిని పొడిగించడానికి మా కొండను పగలగొట్టి మోసుకుపోతున్నారు. రోజూ నేనూ ఆ బస్సే ఎక్కుతాను. సీటు దొరికిన రోజు నాకు ఇంకా కుళ్లు. ఐదు నిమిషాలకో బస్సు! మా ఊరు కొర్రగుడ ముందునుంచే క్వారీకి తారు రోడ్డు వేశారు. దాని మీద టిప్పర్లే తిరగాలి, ఆటో వస్తే కాంట్రాక్టరు మనుషులు కిందే ఆపేస్తారు. బస్సు కోసం అర్జీ పెట్టినప్పుడల్లా ఆర్టీసీ ఆఫీసరుది ఒకటే మాట: "ఆ మలుపులో బస్సు తిరగదమ్మా." టిప్పరు తిరుగుతుంది, బస్సు తిరగదట!

చైత్రంలో మా వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది; నేనూ ఊరొచ్చాను. మగవాళ్లు వేటకు పోయారు. పండగ రోజుల్లో మా ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర పెట్టి బండ్లు ఆపుతారు. బండివాళ్లు చిల్లర ఇచ్చి నవ్వుకుంటూ పోతారు. అది మా ఆనవాయితీ.

"ఈసారి సిల్లరొద్దు. బస్సడుగుదాం" అంది పెద్దమ్మ.

వేటకు పోలేని ముసలి గాసి తాత విసుక్కున్నాడు. "పండగ పూట గొడవేటే? పట్నపోళ్లకి బస్సులుంటే మీకేటి కుళ్లు?"

నాకు ఒళ్లు మండింది. "కుళ్లే తాతా! ఎందుకుండకూడదు? బస్సెక్కే కూలోళ్ల మీద కాదు, ఆళ్లూ మనలాగ రెక్కల మీద బతికేవోళ్లే. మన కొండ పట్టుకుపోయి మనకి దారియ్యనోడి మీద!"

తాత చుట్ట ఆర్పి లేచాడు. "అయితే కర్ర నేను కొట్టి తెత్తాను గుంటా. గట్టిది."

మర్నాడు మొదటి టిప్పరు డ్రైవరు అలవాటుగా ఇరవై నోటు చాచాడు. పెద్దమ్మ చెయ్యి చాచలేదు. వెనక టిప్పర్లన్నీ ఆగిపోయాయి. కాంట్రాక్టరు మంగరాజు జీపు దిగి ఐదువందల నోట్లు ఊపాడు.

"పండగ కదా, తీసుకుని కర్ర తియ్యండే."

"బస్సు" అంది పెద్దమ్మ.

"పట్నపోళ్ల మీద ఏడుపు మీకు!"

"అవును బాబూ, ఏడుపే. నీ రాళ్లకున్న దారి నా కోడలికి లేకపోయింది."

పండగ అయిపోయింది. కర్ర లేవలేదు. వేట నుంచి వచ్చిన మగవాళ్లు ఇళ్లకు పోకుండా మా వెనక కూర్చున్నారు.

నాలుగో రోజు పోలీసులు దిగారు. పట్టుకుపోయేవాళ్లకూ తమకూ జీపు చాలదని బస్సు తెచ్చారు. మలుపు దగ్గర అది ఒకసారి వెనక్కి పోయి, ముందుకొచ్చి, చక్కగా తిరిగి కర్ర ముందు ఆగింది. గాసి తాత పగలబడి నవ్వాడు.

"తిరిగిందర్రా! బస్సు తిరిగింది!"

అరెస్టు చేస్తామని ఎస్సై ఐదుగురి పేర్లు చదివాడు. ఊరంతా బస్సెక్కడానికి ఎగబడింది. "ఎక్కండే, బేగి ఎక్కండి!" అని పెద్దమ్మ ముందు కోడలిని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. సీట్లు నిండాక మిగతావాళ్లం నిలబడ్డాం.

స్టేషను ముందు ఎస్సై తలుపు తీసి దిగమన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"దిగం బాబూ" అంది పెద్దమ్మ. "రేపట్నుంచి మా ఊరికి బస్సొత్తాదని కాయితం రాయించు. అప్పుడు దిగుతాం."

మధ్యాహ్నానికి కింది మూడు గూడేల ఆడవాళ్లు కూడా రోడ్డుకు కర్రలు అడ్డం పెట్టారని కబురొచ్చింది. మేమింకా బస్సులోనే ఉన్నాం.