బొటనవేలంత బట్ట

నేను ఒక కుట్టుమిషన్ని, కాలితో తొక్కే పాతకాలపుదాన్ని. ఉత్తరాదిలో ఏదో కార్ఖానాలో నన్ను పోతపోసి, నల్లరంగు వేసి, మెడమీద బంగారు పూలు దిద్ది, ఎండుగడ్డిలో చుట్టి రైలెక్కించారు. చివరికి కోరుట్లలో ఒక దర్జీ ఇంట దిగాను. ఊళ్లో బడిపిల్లల నిక్కర్లన్నీ ఆయన నా చేతే కుట్టించాడు. ఆ పిల్లలే పెద్దవాళ్లయి రెడీమేడ్ ప్యాంట్లకు ఎగబడేసరికి ఆయన దుకాణం మూతపడింది. మనుషులు ఎదగడమంటే ఇంతే కాబోలు, నేనేమీ అనుకోలేదు. గౌస్ మియా పాత మిషన్ల దుకాణంలో ఒక మూలకు చేరాను. వెనక వీధిలోనే తుక్కు కొట్టు. అటు పోయే బండి చప్పుడు వినబడితే చాలు, నా గుండె జారిపోయేది.

అలాంటి రోజుల్లో స్వరూప వచ్చింది. చంకలో ఏడాది నిండని పాప, వెనక అత్త పోసవ్వ. అత్తాకోడళ్లిద్దరూ బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో ఆకు, పొగాకు పోసుకున్న చాట, పక్కనే పాప. ఆ ఘాటుకు పాప ఒకటే దగ్గు. అది వినలేకనే స్వరూప బీడీలు మానేసి కుట్టుపని నేర్చుకుందామనుకుంది. పోసవ్వకు మాత్రం అది మింగుడుపడలేదు.

"చేతిల ఉన్న పని ఇడిసిపెట్టి రాని పనెంబడి పడుతదట," అని గౌస్ మియా దగ్గరే మొరపెట్టుకుంది.

స్వరూప చూపు గుమ్మం దగ్గర మెరిసిపోతున్న మోటారు మిషన్ మీదే ఉంది. గౌస్ మియా దాన్నే అంటగట్టి చేతులు దులుపుకోవచ్చు. ఆ మహానుభావుడు ఆ పని చెయ్యలేదు.

"కొత్తగ నేర్సుకునెటోల్లకు మోటరు వద్దు బిడ్డా. కాలు తాకంగనే ఉరుకుతది, నువ్వు ఆగమైతవు. అగ్గువకు రాదు గూడ. గా నల్లదాన్ని సూడు. నువ్వెంత తొక్కితె అంతే నడుస్తది."

స్వరూప నా ముందు కూర్చుని, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, దానికి చెవి ఆనించి విన్నది. తర్వాత దారం కొస పట్టుకుని ఒక్కసారికే సూదిలోకి ఎక్కించేసింది. నేను నివ్వెరపోయాను. మా దర్జీ ఆ కొసను ఎంగిలి చేసి, కళ్లు చికిలించి, సూదిని తిట్టి గానీ ఎక్కించేవాడు కాదు. బీడీకి దారం చుట్టే వేళ్ల మహిమ అది.

"గిదే తీస్కుందాం అత్తమ్మా."

పోసవ్వ షరతు పెట్టింది. "సద్దుల బతుకమ్మకు నాకో జాకెట్టు కుట్టాలె. నేనది తొడుక్కోని ఆడాలె. కాలేదా, మిషిను వాపసు. నువ్వు మల్ల చాట ముందర కూసోవాలె."

వాపసు వస్తే పుచ్చుకుంటానని గౌస్ మియా మాటిచ్చాడు. అప్పుడు నాకు తుక్కు కొట్టే గతి అని నాకు తెలుసు. పాపకు మళ్లీ ఆ దగ్గే గతి అని స్వరూపకు తెలుసు.

మొదట్లో స్వరూప తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది, దారం పుటుక్కున తెగేది. తిట్టుకునేది, మళ్లీ తొక్కేది. క్రమంగా కాలు కుదిరింది. పండుగ దగ్గర పడ్డాక అత్త ఇచ్చిన ఆకుపచ్చ బట్టమీద ఆమె పాత జాకెట్టును పరిచి, దాని కుట్లవెంటే కొలత గీసి, గీత తప్పకుండా కత్తిరించింది. ఎంత శుభ్రంగా కత్తిరించిందో! నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని. లేకపోయె.

సద్దుల నాటి పొద్దున పోసవ్వ తొడుక్కోబోతే చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ముందువైపు రెండు అంచులూ ఒకదానికొకటి అందలేదు.

"నాతోని కాదు అత్తమ్మా. మిషిను ఇచ్చేసొద్దాం," అంటూ స్వరూప పాపను గుండెకు అదుముకుని ఏడ్చేసింది.

పోసవ్వ జాకెట్టును తిరగేసి, కుట్లవెంట వేలు పోనిచ్చింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! తునికాకు కత్తిరించినట్టు కత్తిరించినవు గదనే!"

బీడీ ఆకును రేకు అచ్చు పెట్టి దాని అంచువెంటే కత్తిరిస్తారు, వెంట్రుకవాసి ఎక్కువ ఉండకూడదు. ఆకుకు కుట్టు లేదు కదా! బట్టకు కుట్టు పడితే నాలుగు వైపులా కొంత లోపలికి పోతుంది. ఏ దర్జీ చూసినా ఈ పిల్లకు పని రాదనేవాడు. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పోసవ్వ ఒక్కతే కనిపెట్టింది, అదే ఆకు తానూ కత్తిరించింది గనుక.

ఆమె తన పాత పసుపుచీర చించి ఒక ముక్క తెచ్చింది. "సంకల కింద పట్టీలు ఎయ్యి."

"రంగు కలువది అత్తమ్మా. చేతులు లేపితె అందరు నవ్వుతరు."

"నవ్వనీ," అని పోసవ్వ తన బొటనవేలు బట్టమీద ఆనించింది. ఆకుతడికి నల్లబడి, అరిగి, గోరు పలకలా వెడల్పైన వేలు. "గింత ఇడిసిపెట్టి కత్తిరించు."

స్వరూప ఆ వేలి పక్కనే గీత గీసింది. ఆ పొద్దున నేను ఎంత ఇష్టంగా నడిచానో నాకే తెలుసు.

సాయంత్రం వాకిట్లోనే బతుకమ్మలు పెట్టారు. తలుపు పక్కనుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్లు వంగి, లేచి, చేతులెత్తి చప్పట్లు కొడుతున్నారు. పోసవ్వ అందరికంటే పైకి ఎత్తింది. ఎత్తినప్పుడల్లా ఆకుపచ్చ చంకల్లో పసుపుపట్టీలు కనబడుతూనే ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏందక్కా గా జాకెట్టు?"

"నా కోడలు కుట్టింది," అని పోసవ్వ ఇంకాస్త పైకెత్తి చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఆమె స్వరూప బీడీల చాటను కడిగి ఎండబెట్టి, దారపు రీళ్లు అందులో పోసి నా పక్కన పెట్టింది. ఇనుముకు కన్నీళ్లు రావు గానీ వచ్చేవే.

పాప పసితనంలోనే పోసవ్వ పోయింది. నా పూలన్నీ రాలిపోయాయి. స్వరూపకు మోటారు మిషన్ వచ్చింది, నేను కిటికీ దగ్గర ఖాళీగా ఉంటున్నాను. దగ్గు ఊసే లేకుండా పెరిగిన ఆ పాప మొన్న నా ముందు కూర్చుని, తానూ కుడతానంది. కుట్టుకు బట్ట ఎంత వదలాలని అడిగితే, వాళ్లమ్మ ఎప్పటిలాగే "మీ నాయినమ్మ బొటనవేలంత" అన్నది.

ఆ పిల్లకు నాయనమ్మ రూపే గుర్తులేదు. ఏమీ ఆలోచించకుండా తన వేలే బట్టమీద ఆనించింది. స్వరూప చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నేనూ చూశాను. ఏ ఆకూ కత్తిరించని, ఏ మరకా అంటని ఆ లేతవేలికి అదే పలకలాంటి వెడల్పు గోరు.