పేడనీళ్లు

పోయిన ఏడాది ఏప్రిల్ పన్నెండు. పొద్దున్న చల్లారిన ఉప్మా, మచ్చలు పడ్డ అరటిపండు తిన్నాను. అనంతగిరి దాటాక కొండమీద ఉన్న ఆ హోటల్లో రెండు రాత్రులకు నా పెన్షన్లో సగం పోయింది. మా ఆవిడ బిందుమాధవి బతికుండగా పేపర్లో దాని బొమ్మ కత్తిరించి దాచుకుంది. అందుకే వెళ్లాను. కుళాయిలో వేడినీళ్లు లేవు. కిటికీ తెరిస్తే జనరేటర్ పొగ. గదులు చూసే భీముడు మాత్రం అడక్కుండానే రెండో దుప్పటి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

అది అక్కడి గిరిజనుల వేటపండుగ, ఇటుకల పండుగ వారం. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ, వచ్చేపోయే బళ్ల దగ్గర చందా అడుగుతారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన వేటగాడి మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. పేడ పడ్డవాణ్ణి ఇక ఎవరూ ముట్టుకోకూడదట. ఇదంతా చెప్పి, భీముడు అతిథులకు కాఫీతోట చూపించడానికి వెళ్లాడు. గేటు ముందు కర్ర పట్టుకున్నవాళ్లలో అతని భార్య కనక ఉంది. పక్కన పేడనీళ్ల కుండ సిద్ధంగా ఉంది.

మధ్యాహ్నం ఒక కారు ఆగింది. అందులోంచి దిగిన హోటల్ కొత్త మేనేజరు ధనరాజు అది దారిదోపిడీ అనుకున్నాడు.

"తియ్యండి కర్ర!"

"పండగ బాబూ, ఏదో ఒకటిచ్చి పో," కనక నవ్వింది. "పెళ్లాన్నడిగి రావాలేటి?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ధనరాజు సెక్యూరిటీవాడి లాఠీ లాక్కుని కనక నెత్తిన కొట్టాడు. ఆ చప్పుడు వరండాలో ఉన్న నాకు వినిపించింది. రెండో దెబ్బకు అడ్డుపడ్డ ముసలామె చిన్నమ్మలు చెయ్యి విరిగి వేలాడింది. నేను పరిగెత్తాను, నా వయసుకు అది నడకే. కనక తలకు చుట్టిన హోటల్ తువ్వాలు చూస్తుండగానే ఎర్రబడింది. ఆస్పత్రికి జీపు అడిగితే డ్రైవరు లేడన్నారు.

సాయంత్రం వేటగాళ్లు దిగారు. తోట దగ్గరే కబురు విన్న భీముడూ వాళ్లతో ఉన్నాడు. ముందు రిసెప్షన్ అద్దాలు పగిలాయి. సెక్యూరిటీవాళ్లు గోడ దూకారు. ధనరాజు నా గదిలో దూరి గడియ పెట్టాడు.

"సార్, నన్ను చంపేస్తారు!"

గొడ్డలి తలుపును చీల్చుకుని లోపలికొచ్చింది. అడ్డం నిలబడ్డ నన్ను ఎవరో మెల్లగానే పక్కకు జరిపారు. ధనరాజును జుట్టు పట్టి గేటు దాకా ఈడ్చారు. తన్నులకు అతని పళ్లు రాలి మట్టిలో పడ్డాయి. భీముడు గొడ్డలి ఎత్తాడు.

"మావా, ఆగు!"

గేటు పక్కన పడుకున్న కనక తూలుతూ లేచి, పేడనీళ్ల కుండ ఎత్తి ధనరాజు నెత్తిన బోర్లించింది.

"ఏటే సేత్తన్నావు!"

"ఈడూ వేటకొచ్చినోడే కదా. ఏటి దొరికింది ఈడికి? ఒట్టి సేతులే!"

చిన్నమ్మలు విరిగిన చెయ్యి పట్టుకునే ఫక్కున నవ్వింది. "మరి ముట్టుకోకండ్రా, కంపు!"

భీముడి గొడ్డలి దిగింది, ధనరాజు చెవి పక్కన నేలలోకి. తర్వాత వాళ్లే హోటల్ జీపు తీసి ఆ ఇద్దరు ఆడవాళ్లనూ ఆస్పత్రికి పంపారు.

చీకటి పడ్డాక ధనరాజు పాక్కుంటూ నా గదికే వచ్చాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పాడు. ఈసారి చన్నీళ్లు కూడా రాలేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

కాసేపటికి భీముడు బకెట్ తెచ్చి గుమ్మం లోపల దించాడు. పొగలు కక్కే నీళ్లు, కట్టెల వాసన.

"మీకు తెచ్చేను, మాస్టారూ. ఎవులికి పోత్తారో మీ ఇష్టం."

హోటల్ యూనిఫాం చొక్కా విప్పి కుర్చీకి తగిలించాడు. స్నానాల గది వైపు చూడకుండానే, చీలిన తలుపును చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.