తోపుడు సవారీ

షార్జా రోలా బజారులో గోదావరి రైడర్స్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆరుగురు కుర్రాళ్ళు, ఒకటే స్కూటరు. దాన్నైనా ఎవరూ నడపరు. శుక్రవారం ఉదయం ఏడింటికల్లా, బర్ దుబాయ్‌లో వీపున పేరు కుట్టించుకున్న తోలు జాకెట్లు తొడుక్కుని, హెల్మెట్లు పెట్టుకుని, దాన్ని తోసుకుంటూ బజారంతా తిరుగుతారు. బయల్దేరే ముందు మాత్రం స్టాండు మీద ఐదు నిమిషాలు ఇంజను ఆడిస్తారు. చుట్టూ నిలబడి కళ్ళు మూసుకుని వింటారు. తర్వాత ఆపేసి, మళ్ళీ తోస్తారు.

ఆ పాత గేర్ల స్కూటరుకి పద్నాలుగు అద్దాలు. దారిలో ప్రతి టాక్సీవాడూ ఆగి, పెట్రోలు అయిపోయిందా భాయ్ అని జాలిపడతాడు. వీళ్ళు గొప్పగా తల అడ్డంగా ఊపి ముందుకు నడుస్తారు. అందులో గొప్పేమిటో వాళ్ళకే తెలియాలి.

ఈ వింతకి మూలపురుషుడు త్రిమూర్తులు. అమలాపురం వైపువాడు, లాండ్రీలో ఇస్త్రీ పని. అందరికీ లైసెన్స్ వచ్చేదాకా ఒక్కడూ బండెక్కకూడదని రెండేళ్ళ కిందట రూలు పెట్టింది అతనే. టెస్టులో ఫెయిలైనవాణ్ణి ఆ సాయంత్రమే తీసుకెళ్ళి బిర్యానీ తినిపించి ఓదార్చేదీ అతనే. తను మాత్రం ఏడుసార్లు ఫెయిలయ్యాడు.

ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా పనిచేసే ఏసుదానానికి లైసెన్స్ వచ్చి పదకొండు నెలలైంది. ఆ రోజు చెబుదామని లాండ్రీకి పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. చెమటలు కారుతున్న మొహం చూసి, "పోయిందేటి? పోన్లేరా, నాకు మాత్రం వచ్చిందా," అంటూ త్రిమూర్తులు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అలా ఉండగా నిజం చెప్పడం ఏసుదానం వల్ల కాలేదు. వెళ్ళి బిర్యానీ తిన్నాడు. అప్పట్నుంచీ లైసెన్స్ కార్డు మేజోడులోనే ఉంది. గల్ఫ్ వచ్చాక తనని సొంత తమ్ముడిలా చూసుకున్నది ఈ మనిషొక్కడే. తెలిస్తే మళ్ళీ తన మొహం చూడడని ఏసుదానం భయం.

జూలైలో ఒక శుక్రవారం వీళ్ళ ఊరేగింపు వెనక బస్సులు బారులు తీరాయి. పోలీసాయన వచ్చి వచ్చీరాని హిందీలో అడిగాడు.

"బండి ఖరాబా?"

"లేదు సార్. బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు ముందు నడుస్తున్న హయాత్ బాషా.

"పెట్రోల్?"

"ఫుల్ ట్యాంక్ సార్."

పోలీసాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పద్నాలుగు అద్దాల్లో పద్నాలుగు మంది పోలీసులు తిరిగారు.

"లైసెన్స్ ఉన్నవాడు ఎక్కి తీసుకుపో. ఎవరికీ లేదా, క్రేన్ పిలుస్తా. ఖలాస్."

త్రిమూర్తులు చేతులు జోడించాడు. "మాలో ఎవడికీ లేదు సార్. తోసుకునే పోతాం."

పోలీసాయన ఫోన్ తీశాడు. బండి పోతే త్రిమూర్తులు బతకలేడు, కార్డు తీస్తే తను బతకలేడు. ఏసుదానం దేవుణ్ణి తలుచుకుని వంగి మేజోడులోంచి కార్డు తీశాడు. తలెత్తేసరికి హయాత్ బాషా తన హెల్మెట్ లోపల్నించి ఒకటి పీకుతున్నాడు. జోసఫ్ జాకెట్ కుట్లు విప్పుతున్నాడు. నాగబాబు చేతిలో ఒకటి, ఫరాజ్ చేతిలో ఒకటి.

త్రిమూర్తులు ఒక్కొక్క కార్డే చూశాడు. "అయిదు బిర్యానీలు తిన్నారు గదరా," అన్నాడు మెల్లగా.

లైసెన్సులు పెట్టుకుని బండి తోస్తే ఏ జరిమానా వేయాలో పోలీసాయనకీ తోచినట్టు లేదు. "యల్లా, ఎవడో ఒకడు ఎక్కండి," అన్నాడు. ఐదుగురూ నువ్వంటే నువ్వని ఒకళ్ళ వెనక ఒకళ్ళు నక్కారు.

"ఏసుదానం, ఎక్కరా," అన్నాడు త్రిమూర్తులు.

"నువ్వు లేకుండానా అన్నా?"

"ఎనకాల కూచోడానికి లైసెన్స్ ఎందుకు? ఎక్కు."

ఏసుదానం బండి స్టార్ట్ చేసి మొదటి గేరు వేశాడు. బండి మనిషి నడకలో కదిలింది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు అలవాటుగా సీటు పట్టుకుని నడుస్తున్నారు.

"నీకొచ్చి ఎన్నాళ్ళయింది?" వెనకనించి అడిగాడు త్రిమూర్తులు.

"పదకొండు నెల్లు."

"నువ్వు ఫెయిలయ్యావని నాకా వారమంతా ముద్ద దిగలేదురా. వచ్చిందని చెప్పుంటే రెండు బిర్యానీలు పెట్టేవోణ్ణి గదా."

ఏసుదానానికి రోడ్డు మసకబారింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. అనుకోకుండా బండి కాస్త వేగం అందుకుంది. పక్కనున్న నలుగురూ సీటు వదిలేసి, తోలు జాకెట్లలో రొప్పుతూ వెంటపడ్డారు. "అన్నా, ఆగన్నా," అని హయాత్ బాషా కేక వినిపించింది. ఏసుదానం బ్రేకు మీద కాలు పెట్టబోయాడు.

త్రిమూర్తులు అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు.

"ఆపకురా. పరిగెత్తనీ ఎదవల్ని."

ఏసుదానం రెండో గేరు వేశాడు.