చంద్రకళ చివరి మాట

తప్పులుంటే మన్నించండి. పెద్దతనంలో దిద్దుకున్న అక్షరాలు, చేయి నెమ్మదిగా నడుస్తుంది.

పనిలో ఉండగా సీతాలక్ష్మి ఎడమ చేతిని ఎవరో పట్టుకునేవారు. ఐర్లండులోని నేస్ ఊళ్ళో ఆమె పనిచేసే వృద్ధాశ్రమం వరండాలో, గ్లౌజు మీదనుంచే గట్టిగా పట్టి వదిలేసేవారు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ పట్టు ఎవరిదో ఆమెకు తెలుసు. గుంటూరు జిల్లా చెడుగుడు జట్టులో చంద్రకళ ఆ చెయ్యి పట్టుకునే బరిలో నిలబడేది.

ఐర్లండు వచ్చాక ఇద్దరూ ఒకే ఆశ్రమంలో ముసలివాళ్ళకు సేవ చేశారు. కరోనా మొదలైనప్పుడు సెలవు పెట్టమన్నా చంద్రకళ వినలేదు. ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు.

మరుసటి ఏడు మహిళా దినోత్సవానికి తెలుగు సంఘం ఆమెను సన్మానించదలచింది, ఆటకూ సేవకూ కలిపి. సంఘం కార్యదర్శి కిశోర్ సీతాలక్ష్మికి ఫోన్ చేశాడు.

"శాలువా పోస్టులో పంపించామక్కా. జూమ్‌లో వాళ్ళమ్మాయికి కప్పాలి."

"ఎవరు కప్పుతారయ్యా, పోస్ట్‌మ్యానా?"

"నవ్వకండక్కా. ఆ పిల్ల అసలు రానంటోంది. మీరోసారి చెప్పిచూడండి."

చంద్రకళ ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళే. ఇప్పుడు కూతురు సుధేష్ణ ఒక్కతే. సీతాలక్ష్మి వెళితే వాకిట్లోకి వచ్చి, దూరంగా నిలబడింది.

"ఐయామ్ గ్రాండ్, ఆంటీ, బాగానే ఉన్నా. బట్ ఐ వోంట్ టేక్ ఇట్."

"మీ అమ్మ సంపాదించుకుంది కదే, ఎందుకొద్దు?"

"లాస్ట్ కాల్‌లో అమ్మ ఏమందో తెలుసా? 'నేను చచ్చాను, నువ్వెళ్ళు' అంది. షీ గేవ్ అప్. నన్ను పొమ్మంది. కోపమొచ్చి ఫోన్ పెట్టేశా."

సీతాలక్ష్మి గేటు పట్టుకుంది.

"పిచ్చిదానా, అది చావు మాట కాదే, ఆట మాట! చెడుగుడులో అవుటైతే 'చచ్చాను' అంటాం. 'నువ్వెళ్ళు' అంటే ఇక కూతకు నువ్వెళ్ళమని. మీ అమ్మ నాతో ఎన్నిసార్లందో!"

"దెన్ వాట్?"

"నువ్వెళ్ళి అవతలివాళ్ళను ముట్టుకొస్తే, చచ్చినవాళ్ళు మళ్ళీ బతుకుతారు."

తల్లి పోయినప్పుడు కూడా సుధేష్ణను దగ్గరికి తీసుకున్నవాళ్ళు లేరు. ఎవరూ ఎవరినీ తాకకూడని రోజులవి.

ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చింది. "చెడుగుడు, చెడుగుడు..." ఐరిష్ యాసలో డకారాలు వంకరపోతున్నాయి. తడి గడ్డి మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. సీతాలక్ష్మి వెనక్కి జరగవలసింది. జరగలేదు. చల్లటి వేళ్ళు ఆమె భుజానికి తగిలాయి.

సుధేష్ణ కూత ఆపింది. వెనక, ఖాళీ వాకిట్లో కూత ఆగలేదు. డకారాలు చక్కగా పలుకుతున్నాయి.

సుధేష్ణ తిరిగి చూడలేదు, సీతాలక్ష్మి తలెత్తలేదు.

"జూమ్ ఎన్నింటికి, ఆంటీ?" అంది సుధేష్ణ, చెయ్యి తీయకుండానే.

మంగాదేవి, అరవై ఎనిమిదేళ్ళు, ప్రస్తుతం ఐర్లండులోనే సిటీవెస్ట్‌లో ఉంటున్నాను.