పన్నెండో గుంట

చిటికెడు మట్టి నోట్లో వేసుకుంటే ప్రొఫెసరుగారు దాని ఏడు తరాల చరిత్ర చెప్పేస్తారని కాలేజీలో పేరు. ఆయన్ని చూస్తే వానపాములు లేచి నిలబడేవట. వాటికి కాళ్లెక్కడివని అడిగినవాడికి మార్కులు పడేవి కావు.

ఆయన ముప్పై ఏళ్లు తోటల రూపకల్పన పాఠం చెప్పారు. పరిశోధనంతా ఒక్కటే: ఏటవాలు నేల మీద తోట వేస్తే వాననీరు ఎటు పోతుంది? గుంట తవ్వడం, బిందెడు నీళ్లు పోయడం, ఎంతసేపట్లో ఇంకాయో గడియారం చూసి రాసుకోవడం. ఆ గుంటలే ఆయనకి కీర్తి తెచ్చాయి.

కాలేజీ వెనక వాలు మీద తోట వేసే ముందు పన్నెండు గుంటలు తవ్వాలి. పదకొండు తవ్వించారు. పన్నెండోచోట గునపం రాతికి తగిలి ఠంగుమంది. ఎండ మాడు పగలగొడుతోంది. ప్రొఫెసరుగారు గొడుగు కింద కూర్చుని, పదకొండింటి సగటు తీసి పన్నెండో గడిలో వేసేశారు. తోట ఆ అంకె మీదే వేశారు; అంకె ఆయన పుస్తకంలోకెక్కింది. అక్కణ్ణుంచి శిష్యుల థీసిస్‌లలోకి పాకింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత, మొన్నటి ముసురుకి, సరిగ్గా అక్కడే వాలు జారింది. కింద కాలువ బాగుచేస్తున్న తోటమాలి మట్టిలో పూడిపోయాడు.

విచారణ కమిటీలో ముగ్గురూ ప్రొఫెసరుగారి శిష్యులే. పుస్తకం తప్పడానికి వీల్లేదు గనక, తోటమాలే కుళాయి కట్టకుండా వదిలేసి నేల నానబెట్టాడని తేల్చారు. అంత వానలో కుళాయి ఎవడు విప్పుతాడని అడిగిన నాథుడు లేడు. తప్పు పనివాడిదైతే పెళ్లాంబిడ్డలు క్వార్టర్సు ఖాళీ చేయాలి, అది రూలు.

ప్రొఫెసరుగారు నాలుగు రోజులు ఆ పన్నెండో గడినే చూస్తూ కూర్చున్నారు. కమిటీ రిపోర్టు మీద సంతకాలు పడే రోజు పొద్దున్నే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశారు.

కమిటీ పెద్ద ఆయన మొట్టమొదటి శిష్యురాలు. ఆమె టీ కప్పు ఆయన ముందుకి జరిపింది.

"మీరు మరీ మంచివారు సార్. పోయినవాడి కోసం నింద మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"మంచితనం కాదమ్మా, బద్ధకం. ఆ గుంట తవ్వలేదు."

"ఆ అంకె మీద మా ముగ్గురి డిగ్రీలున్నాయి. నలభై తోటలున్నాయి. ఇంటికెళ్లి పడుకోండి సార్."

ఆయన ఇంటికి వెళ్లలేదు. తిన్నగా క్వార్టర్సుకి వెళ్లారు. తోటమాలి భార్య గిన్నెలు మూటగడుతోంది. ఆమెకీ అదే చెప్పారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"అక్కడ పోసిన నీళ్లు ఇంకట్లేదని మా ఆయన మీతో చెప్పాడంట కదయ్యా. పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా అన్నారంట."

ఎంత తడుముకున్నా ఆయనకా మాట గుర్తు రాలేదు. తెల్లకాగితం తీసి, తప్పు తనదని రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎవరికివ్వాలయ్యా?"

ప్రొఫెసరుగారు చెప్పబోయి ఆగారు. తోటల శాఖ పెద్ద, ఆ పైన కూర్చున్నవాడు, వాడి పైవాడు. ఎవర్ని తలుచుకున్నా తన శిష్యుడే.